ఊపిరి ఆడునప్పుడే ఔషధము

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబోయినట్లు అను సామెత, ఉబ్బసము విషయమున మన యిండ్లలో ఋజువగుచున్నది. ఆయాసము వచ్చిన రాత్రి వైద్యునికై పరుగులెత్తుదుము. బిడ్డ నాలుగు దినములు హాయిగా నిద్రించినచో, ప్రతిదినము పీల్చవలసిన మందును అటక యెక్కింతుము. "బాగుగనే యున్నాడు గదా!" యందుము. బాగుగ నుండుటకు ఆ మందే కారణమని తలపము.

ఉబ్బసము ఆయాసపు వేళ మాత్రమే యుండునది కాదు. తక్కిన దినములలోను శ్వాసనాళముల లోపొర వాచియుండును. దుమ్ము, పొగ, పుప్పొడి, జలుబు తగిలినంతనే నాళములు బిగిసి ఊపిరి ఆడదు. సాల్బుటమాల్ వంటి ఉపశమనౌషధము ఆ బిగువును సడలించును గాని వాపును తీయజాలదు. తుమ్ములకు మ్రింగు సిట్రిజిన్ మాత్రయు ఆ పనికి చాలదు. వాపును అణచుటకు నివారణౌషధము వేరుగ కలదు.

బ్రిటనులో రోజర్ ఆల్టూన్యన్ అను వైద్యుడు తానే ఉబ్బసరోగి. ఖెల్లా యను మొక్కలోని పదార్థమును పోలిన రసాయనములను తన శరీరముపైననే పరీక్షించుకొని, 1965లో క్రోమోగ్లైకేటును వెలికితెచ్చెను. వచ్చిన ఆయాసమును అది తగ్గింపదు. ముందుగా పీల్చినచో రాకుండ కాచును. నేడు ఆ స్థానమున వైద్యులు ఎక్కువగా పీల్చు స్టెరాయిడ్లనే వ్రాయుచున్నారు. ఆ పేరు విని జంకనక్కరలేదు. మ్రింగు మాత్రల మోతాదు మిల్లీగ్రాములలో నుండగా, పీల్చుదాని మోతాదు మైక్రోగ్రాములలో నుండును. కొందరు పిల్లల యెదుగుదల స్వల్పముగ మందగించుట నిజమే. అదుపు తప్పిన వ్యాధి చేయు కీడు అంతకంటె పెద్దది. పీల్చిన పిదప నోరు పుక్కిలింపవలెను. వైద్యుడు చెప్పక మానరాదు.

మృగశిరకార్తె చేపమందుకై హైదరాబాదు పోవువారిని నేను నిందింపను. కాని దాని గుణమునకు శాస్త్రనిరూపణము లేదు. దానిని నమ్మి నిత్యౌషధమును విడుచుట ప్రాణముతో చెలగాటము.

మన సరిహద్దు ఊళ్ళలో వైద్యుని మాట తమిళము, చీటి ఆంగ్లము, ఇంటి భాష తెలుగు. ఈ మూటి నడుమ "ప్రతిదినము" అను మాట "అవసరమైనప్పుడు" అని మారిపోరాదు. విద్యార్థులారా! ఏది నివారణమో, ఏది ఉపశమనమో వైద్యుని అడిగి, ఆ మాటను తెలుగున వ్రాసి మందుడబ్బాలపై అంటింపుడు. మీరు నేర్చిన అక్షరములకు ఇంతకంటె మంచి వినియోగమేమున్నది? తరగతిలో మందు పీల్చు తోడివానిని చూచి నవ్వకుడు. కండ్లద్దములు పెట్టుకొనుటలో లేని సిగ్గు ఊపిరి నిలుపుకొనుటలో నేల?