ముసుగేసి నిలబెట్టే హక్కు ఎవరిచ్చారు?

తుని మన పెద్దాపురం పోలీసు సబ్‌ డివిజన్‌లోదే. 2025 అక్టోబరులో అక్కడ ఒక గురుకుల పాఠశాల బాలికను తోటలోకి తీసుకెళ్లిన అరవై దాటిన మనిషి వీడియో రాష్ట్రమంతా తిరిగింది. పోలీసులు అతణ్ని పట్టుకున్నారు. రాత్రివేళ మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్తుంటే, మూత్రానికని బండి ఆపించి కోమటి చెరువులో దూకేశాడని వారే చెప్పారు. మర్నాడు శవం దొరికింది. పీడ విరగడైందని చాలామంది అనుకున్నారు. కొందరు పైకే అన్నారు.

ఈ పత్రిక ఆ మాట అనదు. వీడియో కళ్లారా చూశాం కదా, ఇంకా విచారణ దేనికి అన్న ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. వీడియో సాక్ష్యమే, అదీ బలమైన సాక్ష్యం. దాన్ని తూచి తీర్పు చెప్పాల్సింది మాత్రం కోర్టు. పిల్లల మీద లైంగిక నేరాలకు తెచ్చిన పోక్సో చట్టం, నేరం రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషే అన్న మామూలు సూత్రాన్ని తిరగేసింది. నిందితుడే నేరం చేశాడని ప్రత్యేక కోర్టు భావించాలని దాని 29వ సెక్షన్‌ చెబుతుంది. అంత కఠినమైన చట్టం కూడా, కాదని రుజువు చేసుకునే దారి నిందితుడికి మూసేయలేదు. ఆ దారి సెల్‌ఫోన్‌ చేతపట్టిన మనం మూసేస్తామంటే ఎలా?

ఇందులో నష్టపోయింది చనిపోయినవాడొక్కడే కాదు. ఆ పిల్లను హాస్టల్‌ నుంచి బయటికి ఎవరు పంపారు, ఏం చెబితే పంపారు, అంతకుముందూ పంపారా అన్నవి నిందితుణ్ని బోనులో నిలబెట్టి అడగాల్సిన ప్రశ్నలు. చెరువు వాటిని మింగేసింది. పోలీసుల అదుపులో ఎవరు చనిపోయినా మేజిస్ట్రేటు విచారణ జరగాలని నాగరిక్‌ సురక్షా సంహిత 196వ సెక్షన్‌ చెబుతోంది. ఆ విచారణలో తేలిందేమిటో జనం ముందు పెట్టాలి. చనిపోయినవాడి మీద జాలితో అడుగుతున్నది కాదిది. బండిలో ఎక్కిన మనిషి కోర్టు మెట్లు ఎక్కకపోతే రేపు ఇంకెవరికైనా అదే జరగొచ్చు.

ఇంతకుముందు జరిగింది కూడా. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు తూటాలకు చచ్చిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్‌ సిర్పుర్కర్‌ కమిషన్‌ 2022లో బయటపెట్టిన నివేదిక వేరే మాట చెప్పింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనని తేల్చింది. పూలు చల్లిన చేతులు ఆ నివేదికను తిరగేశాయా అన్నది వేరే సంగతి.

అందరూ నమ్మింది తప్పని తేలిన కేసు మనకు ఇంకా దగ్గర్లో ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ పక్క ఇబ్రహీంపట్నంలో లేడీస్‌ హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపారు. నేరస్థుడు దొరకలేదేమని రాష్ట్రమంతా నిలదీసింది. 2008 ఆగస్టులో పోలీసులు ఒక దళిత యువకుణ్ని తెచ్చి ఇతనే అన్నారు. ఇతను కాదని అన్నది ఎవరో కాదు, చనిపోయిన అమ్మాయి కన్నతల్లి. అసలువాళ్లను వదిలేసి అమాయకుణ్ని ఇరికించారని ఆమె ఊరూరా మొత్తుకుంది. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి మాట కంటే ప్రెస్‌మీట్‌ మాటే చెల్లింది. 2010లో విజయవాడ మహిళా సెషన్స్‌ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్ష కొట్టేసి, దర్యాప్తు చేసిన పోలీసులను తప్పుబట్టి, నష్టపరిహారంగా లక్ష రూపాయలు ఇమ్మంది. ఆ యువకుడు బయటికి వచ్చింది మన రాజమండ్రి సెంట్రల్‌ జైలు గేటులోంచే. ఎనిమిదేళ్లు పైగా లోపలే గడిచిపోయాయి. మరుసటేడు హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. లోకం అతణ్ని దోషిగా చూసినన్నాళ్లూ అసలు నేరస్థుడి కోసం ఎవరూ వెతకలేదు. నిర్దోషిత్వ భావన నేరస్థులకు కొమ్ముకాస్తుందనేవాళ్లు ఈ కేసు ఒక్కటి చదివితే చాలు.

అరెస్టు చేసినవాళ్లను మీడియా ముందు నిలబెట్టవద్దని కేంద్ర హోంశాఖ 2010 ఏప్రిల్‌ 1నే రాష్ట్రాలకు రాసింది. పోలీసుల మీడియా సమావేశాలకు సమగ్ర నియమావళి తయారుచేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అదే శాఖను ఆదేశించింది. మన స్టేషన్లలో మాత్రం పాత తంతే. ముందు బల్ల మీద స్వాధీనం చేసుకున్న సొత్తు, కుర్చీల్లో అధికారులు, వెనక గోడకు ఆనుకుని ముసుగులేసుకున్న మనుషులు. ముసుగు వేశాం కదా అంటారు. పక్కనే పేరు, ఊరు, తండ్రి పేరు చదివి వినిపించాక ఆ గుడ్డ దాచేదేమిటి? మర్నాటికి పత్రికలు అతణ్ని కీచకుణ్ని చేస్తాయి, ఛానళ్లు కామాంధుణ్ని చేస్తాయి. ఛార్జిషీటుకు ఇంకా ఎంతో వ్యవధి ఉంటుంది!

విచారణ లేకుండా ముద్ర పడితే ఎలా ఉంటుందో పెద్దాపురానికి మరొకరు నేర్పనక్కర్లేదు. ఈ ఊరి పేరు చెబితే ఎదుటివాడి ముఖంలో కనబడే వెకిలి నవ్వు మనకు కొత్తా? వత్సవాయి వారి సంస్థానం గుర్తుకు రాదు, మహారాణీ కాలేజీ గుర్తుకు రాదు, పాండవుల మెట్టా మరిడమ్మ జాతరా గుర్తుకు రావు. కళావంతుల ఇళ్ల గురించి తరాలుగా చెప్పుకున్న కబుర్లే గుర్తుకొస్తాయి. ఉద్యోగానికి వెళ్లిన ఆడపిల్ల మాది పెద్దాపురం అనే ముందు ఒక్క క్షణం ఆగాల్సి వస్తోందంటే, అది ఊరు మొత్తం మీద మోపిన నేరం. ఈ కేసుకు కోర్టూ లేదు, కొట్టివేతా లేదు. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన నేరస్థ తెగల చట్టం 1952లో పోయినా స్టూవర్టుపురం పేరు మీది మచ్చ పోయిందా?

పెద్దాపురం మీది మచ్చను ఏటేటా తిరగదోడేది వ్యభిచార గృహాల మీద దాడుల వార్త. చున్నీలు కప్పుకుని జీపెక్కుతున్న ఆడవాళ్ల ఫొటో లేకుండా ఆ వార్త రాదు. 2022 మే 19న జస్టిస్‌ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ విషయంలో స్పష్టంగా చెప్పింది. దాడిలోగానీ అరెస్టులోగానీ, బాధితులైనా నిందితులైనా, సెక్స్‌ వర్కర్ల గుర్తింపు బయటపడేలా ఫొటోలు వేయకుండా మీడియాకు మార్గదర్శకాలు ఇవ్వాలంది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన న్యాయమూర్తి చెప్పిన మాట పెద్దాపురం దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టాలా?

ఇదంతా ఫిర్యాదు చేసిన ఆడవాళ్ల నోరు మూయించడానికి పనికొచ్చే వాదన కాదు. అలా వాడుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లతో మాకు పొత్తు లేదు. నేరం జరిగిందని ఎవరైనా వస్తే ఎఫ్‌ఐఆర్‌ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. స్టేషన్‌ గడప తొక్కిన మనిషిని నీ నడవడి ఏమిటని ఎదురడగడం కూడా ముందే తీర్పు చెప్పడమే. పాత్రికేయురాలు ప్రియా రమణి ఒక మాజీ కేంద్రమంత్రి మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసినందుకు పరువునష్టం కేసులో తానే నిందితురాలైంది. 2021 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలేసింది. ఏళ్లు గడిచాకైనా స్త్రీ తన గోడు చెప్పుకోవచ్చంది. ఫిర్యాదు వినాలి, దర్యాప్తు చేయాలి, ఆమె పేరు కాపాడాలి. నిందితుడి పేరూ ఛార్జిషీటు దాకా కాపాడాలి. ఈ రెంటికీ పోటీ లేదు.

కాకినాడ జిల్లా పోలీసు అధికారులు నిందితులను ప్రెస్‌మీట్లలో నిలబెట్టడం మానుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఉత్తర్వులివ్వాలి. అరెస్టు వివరాలు కాగితం మీద ఇస్తే చాలు, మనుషులను చూపించనక్కర్లేదు. నిందితుడు అధికారంలో ఉన్నవాడైతే, లేదా పరారీలో ఉండి జనానికి ప్రమాదమైతే పేరు చెప్పాల్సిందే. ఆ మినహాయింపు ఎందుకో అధికారి కారణం రాయాలి. ఈ పత్రిక తన వంతుగా దాడుల ఫొటోలు వేయదు. అరెస్టు వార్త ఏ పేజీలో ఎంత జాగాలో వేస్తే, కేసు కొట్టేసిన వార్తనూ అదే పేజీలో అంత జాగాలో వేస్తుంది. మిగతా పత్రికల, ఛానళ్ల విలేకరులు రేపు ఎదురుపడితే మీరూ అలాగే వేస్తారా అని పాఠకులే అడగాలి.