జీర్ణోద్ధారణమా, పరిత్యాగమా? జూమ్లా విషయమై ఒక విచారణ

వేదాంత ప్రకరణ గ్రంథాల ఆరంభంలో అనుబంధ చతుష్టయాన్ని నిరూపించడం సంప్రదాయం. అధికారి ఎవరు, విషయమేది, సంబంధమెట్టిది, ప్రయోజనమేమి అన్న నాలుగూ తేలిన పిమ్మటనే గ్రంథంలో ప్రవృత్తి. ఇంతటి వివేకం నేర్పిన గ్రంథాలనే అంతర్జాలంలో నిలుపవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ విచారణ ఎవరికీ స్ఫురించదు. "మన సైటు జూమ్లాపై ఉన్నది, ఇంకా అది పనికివస్తుందా?" అని ఒకరు అడుగుతారు. "ఇప్పుడెవరూ దానిని వాడడం లేదట" అని మరొకరంటారు. అంతటితో నిర్ణయం జరిగిపోతుంది. ఆ "అట"లో ప్రత్యక్షమూ లేదు, అనుమానమూ లేదు, ఆప్తవాక్యమూ లేదు.

జూమ్లా అనగా వ్యాసాలను, శ్లోకాలను, ప్రవచనాల ధ్వనిముద్రణలను వర్గీకరించి వెబ్‌సైటులో ప్రకటించేందుకు ఉపకరించే ఉచిత సాఫ్ట్‌వేర్. 2005లో మాంబో అనే పూర్వ సాఫ్ట్‌వేర్ నుండి దాని నిర్మాతలు విడివడి దీనిని ప్రారంభించారు. స్వాహిలీ భాషలో "అందరూ కలిసి" అనే అర్థమున్న పదం నుండి ఆ పేరు పెట్టారు. ఆ పదానికి మూలం అరబ్బీ. మన పాత లెక్కల పుస్తకాలలో మొత్తానికి వాడే "జుమ్లా" కూడా ఆ మూలం నుండి వచ్చినదే కనుక తెలుగువారి చెవికి ఇది కొత్త శబ్దమేమీ కాదు. అది మృతసాధనమన్న మాట సత్యం కాదు. 2021 ఆగస్టులో నాల్గవ, 2023 అక్టోబరులో ఐదవ, 2025 అక్టోబరులో ఆరవ ప్రధాన సంచికలు వెలువడ్డాయి. రెండేండ్లకొక ప్రధాన సంచిక, ప్రతి సంచికకు నాలుగేండ్ల పోషణ అనేది ఇప్పుడు దాని నియమం.

ఇక సంఖ్యాబలం మాట. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా వర్డ్‌ప్రెస్‌పై నడుస్తుండగా జూమ్లా వాటా నూటికి రెండు కూడా లేదు. బహుజనాదరణ ప్రమాణం కాదని వేదాంతికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ లెక్కన జ్ఞానమార్గాన్ని ఎప్పుడో విడిచిపెట్టవలసి ఉండేది. అయినప్పటికీ వ్యవహారంలో ఆ సంఖ్యకు ఒక అర్థమున్నది. వర్డ్‌ప్రెస్ సైటు చెడితే బాగుచేయగలవాడు పొరుగు వీధిలోనే దొరకవచ్చు; జూమ్లా తెలిసినవానిని వెదకవలసి వస్తుంది. ఈ కష్టాన్ని తక్కువగా చూపడం న్యాయం కాదు.

దీనికి భిన్నమైన ఒక వాదం భక్తమండలులలో తరచుగా వినవస్తుంది. "సర్వమూ నామరూపాత్మకమే. ఏ సాఫ్ట్‌వేర్ అయితేనేమి? నడిచినంతకాలం నడుస్తుంది." వినడానికి ఇది వైరాగ్యంవలె ఉన్నది, కాని వైరాగ్యం కాదు. గీత పదునెనిమిదవ అధ్యాయంలో త్యాగాన్ని మూడు విధాలుగా విభజించిన భగవానుడు, నియతకర్మను మోహంచేత విడువడాన్ని తామస త్యాగమన్నాడు, కాయక్లేశభయంచేత విడువడాన్ని రాజస త్యాగమన్నాడు. పోషణ కష్టమని పాత సైటును అట్లే వదలివేయడం ఈ రెంటిలో ఏదో ఒకటి. దాని ఫలితం కూడా ప్రత్యక్షమే. రక్షణ లేని పాత సైటులోనికి ఆగంతకులు చొరబడి తమ పుటలను చొప్పిస్తారు. విష్ణుసహస్రనామం కోసం వెదికిన భక్తునికి ఆశ్రమం పేరు మీదనే జూదపు ప్రకటన ఎదురవుతుంది. ఆలయ ప్రాకారం కూలి లోపల జూదశాల వెలసినట్లయితే దానిని నామరూపమని ఎవరు ఉపేక్షిస్తారు?

కావున "జూమ్లా పనికివస్తుందా" అనే ప్రశ్నకు ముందు "ఏ జూమ్లా" అని అడుగవలసి ఉన్నది. 2008లో వచ్చిన 1.5 సంచికపై నేటికీ నిలిచి ఉన్న సైటు వేరు, ఐదవ సంచికపై నడిచే సైటు వేరు. 1.5కు పోషణ 2012లోనే ముగిసింది. మూడవ సంచికకు 2023 ఆగస్టు 17న ముగిసింది. మూడవ సంచికలో చివరిదైన 3.10 నుండి నాల్గవదానికి, అక్కడి నుండి ఐదవదానికి సోపానక్రమం జూమ్లాలోనే అమరి ఉన్నది. 1.5 నుండి అట్టి రాజమార్గం లేదు. అక్కడ జరుగవలసినది ఆరోహణం కాదు, పునర్నిర్మాణమే. పునర్నిర్మాణం తప్పనప్పుడు జూమ్లానే కొనసాగించాలన్న నిర్బంధం కూడా ఉండదు.

చతుష్టయంలో అన్నింటికంటె బరువైనది అధికారి విచారమే. ఆశ్రమాల సైట్లు సాధారణంగా ఎట్లు పుడతాయి? సాఫ్ట్‌వేర్ చదివిన ఒక యువభక్తుడు సేవగా నిర్మిస్తాడు. కొంతకాలానికి ఉద్యోగరీత్యా అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళతాడు. సంకేతపదం అతనికే తెలుసు. డొమైన్ పేరు అతని సొంత ఈమెయిలుపై నమోదై ఉంటుంది. ఏటేటా రుసుము అతని కార్డు నుండే చెల్లుతూ ఉంటుంది. ఒక సంవత్సరం ఆ కార్డు గడువు తీరుతుంది. అంతే, ఇరువది ఏండ్ల ప్రవచనాలు ఒక్క రాత్రిలో అదృశ్యమవుతాయి. దీనికి జూమ్లా బాధ్యత అణుమాత్రమైనా లేదు, వర్డ్‌ప్రెస్ ఉన్నా ఇదే జరిగేది. దేవాలయానికి ధర్మకర్తలుంటారు, బీగాలు ఎవరి వద్ద ఉన్నవో అందరికీ తెలుసు. సైటుకు మాత్రం ధర్మకర్త ఉండడు. సాఫ్ట్‌వేర్ మార్పుపై నెలల తరబడి చర్చించే సభలు ఈ బీగాల సంగతి అడగకపోవడం ఆశ్చర్యకరం.

అధికారి నిర్ణయమైతే మిగిలినది కఠినం కాదు. వ్యాఖ్యానాలు తెలుగులో, సంస్కృతంలో, ఆంగ్లంలో సమాంతరంగా ప్రకటించే సంస్థ, అందులో రాసేవారొకరు, సరిచూసేవారొకరు, ప్రకటించేవారొకరు ఉన్నట్లయితే జూమ్లా నేటికీ ఉత్తమ సాధనమే. 2011 నాటి 1.6 సంచిక నుండి బహుభాషా వ్యవస్థ, ఎవరికెంత అధికారమన్న విభజన దాని గర్భంలోనే ఉన్నవి. వర్డ్‌ప్రెస్‌లో బహుభాషల కోసం వేరుగా ప్లగిన్ తెచ్చుకోవాలి. అట్టి సంస్థ ఇతరులను చూసి జూమ్లాను విడువడం పరధర్మ వ్యామోహమే అవుతుంది. కాని ఒక్కరే నిర్వహించే స్తోత్రమాలకు, నెలకొక వ్యాసం ప్రకటించే చిన్న సత్సంగానికి ఇంత యంత్రాంగం వ్యర్థం. వారు వర్డ్‌ప్రెస్‌కు మారవచ్చు. అసలు మార్పే లేని పాఠానికి డేటాబేసే అవసరం లేదు. సాదా హెచ్‌టీఎంఎల్ పుటలు చాలు, వాటిలో ఆగంతకులు చొరబడే ద్వారాలు కూడా స్వల్పం.

ఉండడమైనా, మారడమైనా, విధానం ఆగమాలలో ఉన్నట్లే ఉండవలెను. జీర్ణోద్ధారణ సమయంలో మూలవిరాట్టు కళను బాలాలయంలోనికి ఆకర్షించి, నిత్యార్చన అక్కడ సాగిస్తూ, పని పూర్తయిన పిమ్మటనే మహాసంప్రోక్షణ చేస్తారు. సైటు విషయంలోనూ నడుస్తున్న దానిపై నేరుగా చేయి వేయక, ఫైళ్లకూ డేటాబేసుకూ రెంటికీ ప్రతి తీసి, వేరొక చోట నిలిపి, ప్రయోగమంతా ఆ ప్రతిపైననే జరుపవలెను. రెంటికీ అని చెప్పడంలో విశేషమున్నది. ఫైళ్లను మాత్రమే దాచుకుని సర్వమూ భద్రమని భావించేవారున్నారు. బొమ్మలు ఫైళ్లలో ఉంటాయి కాని వ్యాసాల పాఠం ఉండేది డేటాబేసులోనే.

తెలుగు పాఠానికి ఇక్కడొక ప్రత్యేక గండం. యూనికోడ్ యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు ఆక్రమిస్తుంది. పాత డేటాబేసు దానిని లాటిన్ లిపిగా భావించి దాచి ఉంటే, తరలింపులో ఒక్క అక్షరం మూడు అర్థరహిత చిహ్నాలుగా విడిపోతుంది. యూనికోడుకు పూర్వపు సొంత ఫాంట్లతో కూర్చిన పాఠమైతే వేరుగా పరివర్తన చేయవలసిందే. ఈ దోషాలు కంటికి వెంటనే కనబడతాయి గనుక కొంత నయం. కనబడనిది స్వరలోపం. తెలుగు లిపిలో వేదపాఠానికి వాడే స్వరచిహ్నాలు యూనికోడులో దేవనాగరి విభాగంలో ఉన్నవి. పరివర్తన సాధనం వాటిని గుర్తించక జారవిడిస్తే అక్షరాలన్నీ సరిగానే ఉంటాయి, మంత్రం మాత్రం చెడుతుంది. "ఇంద్రశత్రు" శబ్దంలో ఉదాత్తం స్థానం మారినందున, ఇంద్రుని చంపగల పుత్రుని కోరిన త్వష్టకు ఇంద్రునిచేత చంపబడే పుత్రుడు కలిగిన వృత్తాంతం అందరూ ఎరిగినదే.

అందుచేత తరలింపు ముగిసినదని సాంకేతికుడు చెప్పిన మాటతో తృప్తిపడరాదు. తాళపత్ర ప్రతులను సరిచూసిన రీతిలోనే ఒకరు పాత పుటను పైకి చదువుతుండగా మరొకరు కొత్త పుటపై దృష్టి నిలపాలి. వేదభాగమైతే చదివేవారు స్వరం తెలిసినవారై ఉండాలి. ఆ పారాయణం పూర్తయ్యేవరకు పాత ప్రతిని తొలగించరాదు, డొమైన్ చిరునామాను కొత్త స్థానానికి మరల్చనూ రాదు.