శరదృతువులో కూరమడి

ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి, మిరప బస్తాలు కొండలుగా చేరుతాయి. ఆ పరిసరాల గృహస్థులలో పలువురు మాత్రం తోటకూర కట్టను సైతం, ఏ పురుగుమందు ఎప్పుడు చల్లారో ఎరుగకనే కొని పిల్లలకు పెడుతున్నారు. పూలకుండీలకున్న చోటు కూరమడికి లేదనడం నాకు సమ్మతం కాదు.

ఆశ్వయుజ, కార్తీకాలు శరదృతువు. వానలలో సంచితమైన పిత్తం ఈ ఎండలకు ప్రకోపిస్తుంది. తిక్త, మధుర, కషాయ రసాలు హితమని వాగ్భటాచార్యులు చెప్పారు. కనుక మొదట శీతగుణం గల తోటకూర, పాలకూర విత్తండి. నెలనాళ్లలో కోతకు వస్తాయి. కాకర శ్రేష్ఠమే గాని కాపుకు రెండు నెలలు, ఋతువే దాటిపోతుంది. మెంతి ఉష్ణం, హేమంతం దాకా ఆగవచ్చు. మిరప సంగతి ఓరుగల్లువారికి చెప్పినా వినరు!

నల్లరేగడిలో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. మడిని జానెడు ఎత్తు చేసి, మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చిపేడ వద్దు. పురుగుకు వేపగింజల కషాయం చాలు.