కనపడని పైసకు కండువా కప్పిందెవరు?

ఓట్ల లెక్క రాసుకునే నోటుబుక్కుల్లో ఇన్నేండ్లు కులాలే ఉండేవి. మాదిగలు ఇన్ని, మాలలు ఇన్ని, ముదిరాజులు ఇన్ని, ముస్లింలు, లింగాయతులు ఇన్ని. ఎవలకు సీసా, ఎవలకు చీర, ఎవలకు గుడి చందా అని పక్కన గీతలు. 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికలప్పుడు జహీరాబాద్ పక్క ఊరిలో ఒక అభ్యర్థి మనిషి చేతిలో అట్లాంటి నోటుబుక్కు మేం చూసినం. కులాలన్నీ అయిపోయినంక కింద ఇంకో వరస రాసి ఉంది: కాయినోళ్లు, 43.

కాయినోళ్లంటే ఎవలు? మన పోరగాళ్లే. డిగ్రీ చదివి ట్రాక్టర్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి, పటాన్‌చెరు కంపెనీలకు తిరిగి తిరిగి ఇంట్ల కూసున్నోళ్లు. ఫోన్ల ఒక యాప్. అందుల ఒక కాయిన్. పొద్దున లేస్తే దాని రేటు పెరిగి ఉంటది. ముగ్గురిని చేర్పిస్తే కమీషన్, ఆ ముగ్గురు ఇంకో ముగ్గురిని చేర్పిస్తే మళ్లీ కమీషన్. అందరి మీద ఒక టీం లీడర్. హైవే మీద ఒక హోటల్లో మీటింగు పెట్టిర్రు. బిర్యానీ, సూట్లు, స్టేజీ. ఆ స్టేజీ మీదికి సర్పంచు అభ్యర్థి వచ్చిండు. పార్టీ గుర్తులు లేని ఎన్నికలే గానీ మెడల కండువా మాత్రం ఉన్నది. టీం లీడర్‌కు శాలువా కప్పిండు. "మన పిల్లలు ప్రపంచంతోని సమానంగా సంపాయిస్తున్నరు, నేను గెలిస్తే మీకు ఏ తిప్పలూ రానియ్య" అన్నడు. చప్పట్లు.

తిప్పలు ఎందుకొస్తయో ఆయనకు ముందే తెల్సన్నట్టు!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బిట్‌కాయిన్ వేరు, హోటళ్లలో అమ్మే కాయిన్ వేరు. బిట్‌కాయిన్ 2009లో మొదలైంది. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టదని దాని లెక్కలోనే రాసి ఉంది. అది ప్రపంచ బజార్ల అమ్ముడుపోతది. హోటల్ కాయిన్ అట్ల కాదు. యాప్ ఓనరు తన కంప్యూటర్లో కొట్టుకున్న అంకె అది. అయితే రెండింటి వెనక ఉండే రాజకీయం మాత్రం ఒక్కటే. ముందు కొన్నోడు బాగుపడాలంటే వెనక కొనేటోడు రావాలి. ఆ వెనకోడిని తెచ్చేదానికి నాయకుడు కావాలి, నాయకుడికి ఓట్లు కావాలి.

ఈ బేరం మన ఊరిలో పుట్టింది కాదు. అమెరికాల పుట్టింది. 2021లో మయామి నగర మేయరు తన ఊరి పేరు మీద వచ్చిన మయామికాయిన్‌ను నెత్తిన పెట్టుకుని ఊరేగిండు. జనం పన్ను కట్టే పనే లేని రోజు వస్తదన్నడు. 2023 నాటికి ఆ కాయిన్ విలువ దాదాపు సున్నాకు పడ్డది. అదే 2021లో న్యూయార్క్ మేయరుగా గెలిచిన ఎరిక్ ఆడమ్స్, తన మొదటి మూడు జీతాలు బిట్‌కాయిన్‌లోనే తీసుకుంటనని ప్రకటించిండు. నగరపాలక ఎన్నికలు ఇవి. మోరీలు, చెత్త, నల్లా నీళ్లు మాట్లాడాల్సిన చోట కాయిన్ మాట్లాడిర్రు.

2024 ఎన్నికలకు ఇది కోట్ల డాలర్ల దందా అయింది. క్రిప్టో కంపెనీల పైసలతో నడిచే ఫెయిర్‌షేక్ అనే కమిటీ 13 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. క్రిప్టోను అదుపు చేయాలన్న ఒహాయో సెనేటర్ షెరాడ్ బ్రౌన్ మీద ఒక్కడి మీదనే సుమారు 4 కోట్ల డాలర్లు కుమ్మరించింది. ఆయన ఓడిపోయిండు. ఆ కమిటీ ప్రకటనల్లో క్రిప్టో అన్న మాటే కనపడేది కాదు. వేరే ముచ్చట్లు చెప్పి కావాల్సినోడిని గెలిపించుడు, వద్దన్నోడిని పడగొట్టుడే పని. ఇంకో సంస్థ ఏకంగా రాజకీయ నాయకులకు గ్రేడ్లు ఇస్తది. మేం ఐదో తరగతి పిల్లలకు ఇచ్చినట్టు ఏ నుంచి ఎఫ్ దాకా. ట్రంపు 2024 జులైలో నాష్‌విల్ బిట్‌కాయిన్ సభకు పోయి దండాలు పెట్టిండు. గెలిచి, ప్రమాణం చేయకముందే 2025 జనవరిలో తన పేరుతోనే ఒక కాయిన్ దింపిండు. 2025 మేలో ఇంగ్లండు నాయకుడు ఫరాజ్ తన పార్టీకి చందా బిట్‌కాయిన్‌లో కూడా తీసుకుంటమన్నడు.

అక్కడ కంపెనీ నేరుగా నాయకుడిని కొంటది. మన దగ్గర టీం లీడర్ తన కిందోళ్ల లిస్టును ఓట్ల లిస్టు చేసి అమ్ముతడు. తేడా అంతే.

టీం లీడర్లు ఎవలు అనేది చెప్పుకోవాలంటే మాకే సిగ్గయితది. మేం బడిపంతుళ్లం. 2024లో నిర్మల్‌లో యూబిట్ కాయిన్ కేసు బయటపడ్డప్పుడు అరెస్టయినోళ్లలో ప్రభుత్వ ఉపాధ్యాయులున్నరు. నేరం సంగతి కోర్టు చూస్తది. మేం అడిగేది వేరే. పంతులు చెప్తే ఊరు నమ్ముతది. మా తాత వేలిముద్ర, మా నాయన వేలిముద్ర, మేం సంతకం. ఆ సంతకం మీద ఉన్న నమ్మకాన్ని తీసుకపోయి కమీషన్‌కు అమ్ముకునుడా? మా సంఘాల మీటింగులల్ల పీఆర్సీ, డీఏ తప్ప ఈ ముచ్చట ఒక్కనాడన్నా వచ్చిందా?

మన పిల్లలు ఎందుకు పోతున్నరో కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. బ్యాంకుకు పోతే మేనేజరు ష్యూరిటీ అడుగుతడు. ఎస్సీ కార్పొరేషన్ లోనుకు దరఖాస్తు పెడితే ఏండ్లకేండ్లు. ఆ యాప్ మాత్రం కులం అడగదు. "సార్, గక్కడ అందరం సమానమే" అని మా పాత విద్యార్థి ఒకడు మాతోనే అన్నడు. వాని మాటల ఉన్న ఆకలి మాకు తెల్సు. కులం అడగదు, నిజమే. నీ కింద ఎందరున్నరని అడుగుతది. నీ మీద ఒకడు, నీ కింద ముగ్గురు, ఆ ముగ్గురి కింద తొమ్మిది మంది. కిందోడిచ్చింది మీదోడు తింటడు, అట్టడుగోనికి కింద ఎవడూ దొరకడు. నిచ్చెనమెట్లు మనకు కొత్తనా? ఆ అట్టడుగు మెట్టు మీద ఎవలుంటరో వేరే చెప్పాల్నా?

ఇగ పైసలు ఎక్కడియి? ఇది మా జహీరాబాద్ సంగతి. 2016 జనవరిలో నోటిఫై చేసిన నిమ్జ్ కోసం న్యాల్కల్, ఝరాసంగం మండలాల 17 ఊర్లల్లో 12,635 ఎకరాలు అన్నరు. అందుల మనోళ్లకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములున్నయి. 1977 చట్టం ప్రకారం ఆ భూమిని మనం అమ్మొద్దు. సర్కారు మాత్రం గుంజుకోవచ్చు! పట్టా భూమికి ఒక రేటు, అసైన్డ్ భూమికి ఇంకా తక్కువ రేటు కట్టిర్రు. తరతరాలల్ల ఒక్కసారి మాదిగ ఇంట్లకు లక్షల లెక్క వచ్చేది గట్లనే, భూమి పోయినప్పుడే. ఆ పైసలు అకౌంట్ల పడ్డ సంగతి బంధువుల కంటే ముందు టీం లీడర్‌కు తెలుస్తది.

గా పిలగాడు కూడా వాళ్ల అవ్వకు వచ్చిన భూమి పైసలే పెట్టిండు.

హోటల్ మీటింగుల ఇంకో ఘోరం జరిగింది. టీం లీడర్ గోడకు బాబాసాహెబ్ ఫొటో పెట్టిండు. అంబేద్కర్ గూడ సర్కారు చేతిల పైస ఉండొద్దన్నడు, ఆయన రూపాయి పుస్తకం చదువుండ్రి అని ఉపన్యాసం కొట్టిండు. వాడు చదివిండో లేదో, మేం చదివినం.

1923లో లండన్‌లో అచ్చయిన 'రూపాయి సమస్య' పుస్తకంలో బాబాసాహెబ్ సర్కారు ఇష్టమొచ్చినట్టు రూపాయలు కొట్టుడును ఖండించిన మాట వాస్తవం. కీన్స్ అంతటోడు మెచ్చుకున్న పద్ధతినే తప్పు పట్టిండు. ఎందుకు? రూపాయి విలువ పడితే లాభం వ్యాపారికి, దెబ్బ కూలోనికి. ధరలు పెరిగినంత జల్దీ కూలి పెరగదు. 1925లో రాయల్ కమిషన్ ముందు కూడా ఈ వాదమే పెట్టిండు. ఆయన కోరింది స్థిరమైన పైస. ఇయ్యాల కూలి డబ్బుతోని రేపు అన్నే జొన్నలు రావాలె, అదీ ఆయన కొలత. ఆ కొలతతోని బిట్‌కాయిన్‌ను కొలువుండ్రి. 2021 నవంబర్‌లో సుమారు 69 వేల డాలర్లు. ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి. 2025 అక్టోబర్‌లో లక్షా 26 వేలు దాటింది, నవంబర్‌ల 90 వేల కిందికి జారింది. అసలుదే గిట్లుంటే హోటల్ కాయిన్ గతేంది? కూలోని పక్షాన నిలబడ్డ పుస్తకాన్ని కూలోని జేబు కొట్టేటందుకు వాడుతరా? ఫొటో దింపుండ్రి ముందు!

ఢిల్లీ సర్కారు నీతి ఇంకా చిత్రం. 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ప్రతి అమ్మకం మీద 1 శాతం కోత. ఒక కాయిన్‌ల నష్టమొస్తే ఇంకో దాని లాభంల తీసేసుకునేందుకు లేదు. మరి ఇది చట్టబద్ధమా అంటే, పన్నేసినంత మాత్రాన చట్టబద్ధమైనట్టు కాదన్నరు. 2021లో పార్లమెంటు జాబితాల పెట్టిన బిల్లు సభ ముందుకే రాలేదు. వాటా కావాలి, బాధ్యత వద్దు. గొలుసు స్కీములను నిషేధించిన 1978 చట్టం ఉంది, అనుమతి లేని డిపాజిట్లను ఆపే 2019 చట్టం ఉంది. అవి గుర్తొచ్చేది జనం మునిగినంకనే.

మునిగినంక కూడా జనం నాయకులకు పనికొస్తరు. ఆంధ్రల అగ్రిగోల్డ్ చూడుండ్రి. లక్షల మంది డిపాజిట్‌దార్లు. వాళ్ల ఏడుపే 2019 ఎన్నికల హామీ అయింది. గెలిచినంక ఆ నవంబర్‌ల 10 వేల లోపు డిపాజిట్లున్న వాళ్లకు ప్రజల ఖజానా నుంచి సుమారు 264 కోట్లు పంచిర్రు. పేదోనికి పైసలు రావుడు మంచిదే, మేం కాదనం. కానీ నవ్వినప్పుడు ఒకడికి ఓటు, ఏడ్చినప్పుడు ఇంకొకడికి ఓటు అయితున్నం మనం.

కాయిన్ మీటింగుకు పోయిన అభ్యర్థులు మన వాడకు వచ్చినప్పుడు ఏం మాట్లాడిర్రు? ఉపాధి కూలి బాకీ గురించి ఒక్క ముక్క లేదు. నిమ్జ్‌లో భూమి పోయిన ఇండ్లకు రావాల్సిన ఉద్యోగాల గురించి లేదు. పస్తాపూర్ చుట్టూ మన ఆడోళ్లు సంఘాలు పెట్టి, పడావు భూములు సాగు చేసి, విత్తనం అప్పిచ్చి పంటకు తిరిగి తీసుకుని నలభై ఏండ్లు లెక్క తప్పకుండ నడిపిర్రు. ఆ సంఘాల ముందట శాలువా పట్టుకుని నిలబడ్డ అభ్యర్థిని మేం చూడలే. వాళ్ల కింద కమీషన్ గొలుసు లేదు కదా.

ఎన్నికలు అయినయి. శాలువా కప్పినాయన గెలిచిండు. సంక్రాంతి దాటినంక యాప్‌ల పైసలు తీస్తనంటే 'సర్వర్ అప్‌గ్రేడ్' అని వస్తున్నది. టీం లీడర్ ఫోన్ బందు. సర్పంచును అడిగితే "మీ ఇష్టంతోని పెట్టుకున్నరు, నాకేం సంబంధం" అన్నడు. తిప్పలు రానియ్య అన్న నోరే అది.

పోయిన నెల ఆ పిలగాని అవ్వ బడికి వచ్చింది. మనుమని ఫోన్ కొంగుల కట్టుకుని తెచ్చింది. "సారూ, నా చెలక గీ పోన్ల ఉన్నదట. జర తీసియ్యుండ్రి" అన్నది. మాకు నోట మాట రాలేదు.

1930 నంబరుకు ఫోన్ చేసినం. పైసలు పోయిన వెంటనే చేస్తే ఎక్కడన్నా ఆపే వీలుంటదన్నరు. నెలలు గడిచినయి. మిత్రులారా, మీ ఇండ్లల్ల ఎవరికన్నా ఇట్లయితే సిగ్గుపడి దాచకుండ్రి, అదే రోజు ఫోన్ చేయుండ్రి. తర్వాత అవ్వను తోలుకొని ఠాణాకు పోయినం. ఎవనికి ఇచ్చినవ్, రసీదేది అని అడిగిర్రు. రసీదు లేదు. హోటల్ స్టేజీ మీది ఫొటో మాత్రం ఆ పిలగాని ఫోన్ల ఉన్నది. శాలువా, కండువా, వెనక గోడకు బాబాసాహెబ్, ముందు వరసల మన పిల్లలు. దాన్ని పెద్దగా కడిగిచ్చి ఫిర్యాదుకు జతచేసినం. ఒక కాపీ గ్రామసభ ముందట పెడుతున్నం.