నితీశ్‌కి ఒక పని చెప్పండి

ఆరు కోట్లు పెట్టి అట్టిపెట్టుకున్న ఆటగాడి పని ఏమిటి? ఈ ప్రశ్నకి సన్‌రైజర్స్ హైదరాబాద్ దగ్గర ఒక్క ముక్కలో జవాబు ఉందని నాకైతే అనిపించడం లేదు. హెడ్, అభిషేక్‌ల పని చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు, మొదటి బంతి నుంచీ బాదడమే. క్లాసెన్ పని స్పిన్నర్ల పని పట్టడం. కమిన్స్ ఆడితే నాలుగు ఓవర్లు ఖాయం. మరి మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి? బ్యాటరా, బౌలరా? పోనీ రెండూ అనుకుందాం. ఎన్నో నంబరులో దిగుతాడు, ఎన్ని ఓవర్లు వేస్తాడు?

2025 జులైలో ఇంగ్లండ్‌లో మోకాలికి దెబ్బ తగిలి అతను ఇంటికి వచ్చిన రోజుల్లో ఓ పుకారు బయల్దేరింది. జట్టులో తన పాత్ర నచ్చక సన్‌రైజర్స్‌ని వదిలేస్తున్నాడని. రెండు రోజులు ఫోన్లలో అదే గోల. చివరికి నితీశే బయటికి వచ్చి అదేం లేదన్నాడు, ఈ జట్టుతో తనది నమ్మకం, గౌరవం మీద నిలబడ్డ బంధమని, ఎప్పుడూ జట్టు వెంటే ఉంటానని రాశాడు. నవంబర్‌లో జట్టు కూడా అతన్ని అట్టిపెట్టుకుంది. పుకారు అక్కడితో చచ్చిపోయింది. కానీ అది పుట్టడానికి కారణమైన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. నా బాధంతా దాని గురించే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2023లో 20 లక్షలకి తీసుకున్న కుర్రాడు ఆ ఏడాది రెండే మ్యాచ్‌లు ఆడాడు. 2024 ఏప్రిల్ 9న ముల్లన్‌పూర్‌లో పంజాబ్ మీద వికెట్లు టపటపా పడిపోతుంటే 37 బంతుల్లో 64 కొట్టాడు, ఒక వికెట్ కూడా తీశాడు. మే 2న మన ఉప్పల్‌లోనే రాజస్థాన్ మీద 42 బంతుల్లో 76 నాటౌట్. ఒక్క పరుగుతో గెలిచిన మ్యాచ్ అది, గుర్తుండే ఉంటుంది మీకు. సీజన్ మొత్తం మీద 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు. అప్పుడు అతని పని ఏమిటో అందరికీ తెలుసు. పైవాళ్ళు ఔటైతే నాలుగో నంబరులో వచ్చి నిలబడటం, ఆ తర్వాత సిక్సర్లు కొట్టడం, మధ్యలో ఒకటో రెండో ఓవర్లు వేయడం.

2025కి వచ్చేసరికి ఏమైంది? 13 మ్యాచ్‌లు, 182 పరుగులు, స్ట్రైక్ రేటు 119 దగ్గర. ఒక్క అర్ధసెంచరీ లేదు. మార్చి 30న సొంత ఊరు వైజాగ్‌లో ఢిల్లీ మీద ఆడితే స్టార్క్ బౌలింగ్‌లో సున్నా. ఆ రోజు మా రూమ్మేట్, గాజువాక వాడు, రాత్రి అన్నం తినలేదు. (అతిశయోక్తి కాదు. బిర్యానీ ఆర్డర్ పెట్టి మరీ తినలేదు, నేను తిన్నాను.) బౌలింగ్ అంటారా, సీజన్ మొత్తం వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఓవర్లు. జనవరిలో పక్కటెముకల కండరం పట్టేసింది కాబట్టి జాగ్రత్తగా వాడారు అనుకోవచ్చు. ఒప్పుకుంటాను. కానీ గాయం ఒక్కటే కారణం అయితే నేను ఈ వ్యాసం రాయక్కర్లేదు.

అసలు కారణం ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన. 2023లో వచ్చింది, 2027 దాకా ఉంటుందన్నారు. దీని లెక్క చాలా సింపుల్. పాత రోజుల్లో పదకొండు మందిలోనే సర్దుకోవాలి కాబట్టి, కాస్త బ్యాటింగ్ కాస్త బౌలింగ్ వచ్చినవాడు బంగారం. ఇప్పుడు పన్నెండో మనిషి ఉన్నాడు. బ్యాటింగ్ అప్పుడు పూర్తి బ్యాటర్, బౌలింగ్ అప్పుడు పూర్తి బౌలర్. అయిదుగురు అసలు బౌలర్లు దొరికాక ఆరోవాడికి బంతి ఎందుకిస్తారు? 2024లోనే రోహిత్ శర్మ ఈ మాట బాహాటంగా చెప్పాడు, ఈ నిబంధన ఆల్‌రౌండర్లని ఎదగనివ్వదని, శివమ్ దూబే, వాషింగ్టన్ సుందర్‌లకి బౌలింగే దొరకడం లేదని. ఆ జాబితాలో నితీశ్ పేరు కూడా కలుపుకోండి.

బ్యాటింగ్ సంగతి ఇంకో రకం. 11.25 కోట్లు పెట్టి ఇషాన్ కిషన్‌ని తెచ్చి మూడో నంబరులో పెట్టారు. ముందు ముగ్గురూ ఆడిన రోజు, ఉదాహరణకి రాజస్థాన్ మీద 286 కొట్టిన రోజు, నితీశ్‌కి మిగిలేవి పదిహేను బంతులు. ఆ పదిహేనులో 30 కొట్టాడు, బాగానే కొట్టాడు. ముగ్గురిలో ఇద్దరు తొందరగా పోయిన రోజు మాత్రం 20కి 2 దగ్గర దిగి ఇల్లు చక్కదిద్దాలి. చక్కదిద్దడానికి టైమ్ తీసుకుంటే నెమ్మదిగా ఆడుతున్నాడంటారు, బాదబోయి ఔటైతే బాధ్యత లేదంటారు. రెండూ చేసేవాణ్ని రెండు వైపుల నుంచీ తిట్టొచ్చు.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర తెల్లారుజామునే చాయ్ దొరుకుతుంది. నైట్ షిఫ్ట్ రిలీజులు ఉన్నప్పుడు పని అయ్యాక అక్కడికి పోవడం నాకు అలవాటు. బంతి, చామంతి బస్తాలు దింపేవాళ్ళు, కమీషన్ వ్యాపారులు, ఆటోవాళ్ళు, అందరిదీ క్రికెట్టే. ఓ రోజు మా రూమ్మేట్ అక్కడ కూడా మొదలుపెట్టాడు, "మావోడు ఈ టీమ్‌లో ఉంటే పాడైపోతాడురా, వేరే టీమ్‌కి పోవాల్సింది" అని. పక్కన కనకాంబరాలు తూకం వేస్తున్న అన్న తలెత్తి చూసి, "ఎటు పోతే ఏంది తమ్మీ? ఆడ గూడ పని చెప్పకపోతే గంతే గద. పని చెప్పకుండ పనోన్ని తిడితే ఎట్ల?" అన్నాడు. మా వాడు సైలెంట్. నేనైతే ఆ మాటని అప్పుడే ఫోన్‌లో నోట్ చేసుకున్నా.

ఎందుకంటే ఇది ఐపీఎల్‌తో ఆగే జబ్బు కాదు. టీమిండియాలోనూ ఇదే వరస. ఆస్ట్రేలియాలో 2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో ఎనిమిదో నంబరులో దిగి సెంచరీ కొట్టాడు. 191కి 6 వికెట్లు, ఫాలోఆన్ భయం, సుందర్‌తో కలిసి 127 పరుగులు, ఇతను 99 మీద ఉండగా బుమ్రా ఔట్, సిరాజ్ కమిన్స్‌వి మూడు బంతులు కాచుకోవడం, తర్వాత బోలండ్‌ని ఫోర్. స్టాండ్స్‌లో నాన్న ముత్యాలరెడ్డి గారి కన్నీళ్ళు. కొడుకు క్రికెట్ కోసం హిందుస్తాన్ జింక్ ఉద్యోగం మానుకున్న మనిషి ఆయన. ఇంతా అయ్యాక ఏం జరిగింది? 2025 జులైలో లార్డ్స్‌లో ఒకే ఓవర్లో డకెట్, క్రాలీ ఇద్దరు ఓపెనర్లనీ తీశాడు. బౌలింగ్ రాదనడానికి లేదన్నమాట. అయినా అక్టోబర్‌లో అహ్మదాబాద్‌లో వెస్టిండీస్ మీద బ్యాటింగే రాలేదు, నాలుగు ఓవర్లు వేశాడు. ఢిల్లీలో అయిదో నంబరులో 43 కొట్టాడు, ప్రత్యర్థి రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి దాదాపు 200 ఓవర్లు ఆడితే ఇతనికి ఒక్క ఓవర్ ఇవ్వలేదు. స్పిన్ పిచ్ కదా అంటారు. స్పిన్ పిచ్ అయితే పేస్ ఆల్‌రౌండర్‌ని ఎందుకు ఆడించారు మరి? గువాహటిలో సౌతాఫ్రికా మీద 10, 0. వెంటనే "వీడు టెస్టులకి పనికిరాడు" అని తీర్పు.

మా బాబాయి కొడుకు శాన్ హోసేలో ఉంటాడు, బాస్కెట్‌బాల్ పిచ్చి. వాడితో ఈ సంగతి చెప్తే "అరే, ఇది మా కుమింగా కథే కదా" అన్నాడు. అప్పట్లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఫార్వర్డ్‌గా ఉన్న జొనాథన్ కుమింగా. 2021లో ఏడో పిక్‌గా వచ్చాడు, మరుసటి ఏడాదే పందొమ్మిదేళ్ళకి చాంపియన్ జట్టులో ఉన్నాడు. అయినా కోచ్ స్టీవ్ కెర్ ఒక రాత్రి ఆడించేవాడు, ఒక రాత్రి బెంచీ మీదే ఉంచేవాడు. 2025 ప్లేఆఫ్స్‌లో మొదట్లో పక్కన పెట్టారు. స్టెఫ్ కర్రీకి తొడ కండరం పట్టేశాక తప్పక దింపితే మినెసోటా మీద 30 పాయింట్లు కొట్టాడు. ఆ వేసవంతా ఉంటాడా, పోతాడా అన్న చర్చే. సెప్టెంబర్ ఆఖరులో కానీ రెండేళ్ళ ఒప్పందం కుదరలేదు. కోచ్ వైపు న్యాయం లేకపోలేదు. బయటి నుంచి షూట్ చేయలేని ఇద్దరు ముగ్గురిని ఒకేసారి దింపితే కోర్టు ఇరుకైపోతుంది, కర్రీకి ఊపిరాడదు. అంటే తప్పు కుర్రాడిదీ కాదు, కోచ్‌దీ కాదు. వేరేవాళ్ళ కోసం కట్టిన ఇంట్లో ఇతనికి గది లేకపోయింది, అంతే.

మా ఫీల్డ్‌లో దీన్నే ఫుల్ స్టాక్ అంటారు. అన్నీ వచ్చు అని తీసుకుంటారు, ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడ పడేస్తారు. మూడేళ్ళయ్యాక అప్రైజల్‌లో "నీకు దేంట్లో లోతుంది?" అని అడుగుతారు. నా స్నేహితుడొకడు ఒక కంపెనీలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేక బయటికొచ్చాడు. ఇప్పుడు ఒక్క డేటాబేస్ పనే చేస్తున్నాడు, హాయిగా ఉన్నాడు. నితీశ్‌ని కూడా బ్యాటింగ్ ఒక్కటే పట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో ఒకే సీజన్లో 1237 పరుగులు, నాగాలాండ్ మీద 441 కొట్టినవాడు కదా, ఆ సలహాలో పస లేకపోలేదు.

నేను మాత్రం ఒప్పుకోను. అదే సీజన్లో అతను 26 వికెట్లు కూడా తీశాడు. 2025 డిసెంబర్‌లో సయ్యద్ ముస్తాక్ అలీ టోర్నీలో ఆంధ్ర తరఫున మధ్యప్రదేశ్ మీద హ్యాట్రిక్ తీశాడు, అందులో రజత్ పటీదార్ వికెట్ ఒకటి. ఆంధ్ర 112కే ఆలౌటై ఓడిపోయింది కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 140 దగ్గర బంతి వేస్తూ టాప్ సిక్స్‌లో బ్యాటింగ్ చేసేవాళ్ళు మన దేశంలో ఎంతమంది? హార్దిక్ తర్వాత వేలు మడవడానికి ఆలోచించాలి. అలాంటివాడి చేతిలో బంతి లాగేసుకుంటే పోయేది సన్‌రైజర్స్ ఒక్కటే కాదు. పైగా బౌలింగ్ ఇంట్లో బీరువాలో దాచుకునే వస్తువు కాదు. వేస్తుంటేనే లయ ఉంటుంది, వేస్తుంటేనే ఒళ్ళు తట్టుకుంటుంది. ఆర్నెల్లు వేయనివాడికి ఒక్కసారిగా టెస్టులో పన్నెండు ఓవర్లు ఇస్తే మళ్ళీ పక్కటెముకలే.

మరి ఏం చేయాలి? షమీని లక్నోకి ఇచ్చేశారు కాబట్టి పేస్‌లో నాలుగు ఓవర్లు ఖాళీ అయ్యాయి. హర్షల్, ఉనాద్కట్, మలింగ ఉన్నారు, నిజమే. అయినా ఫిట్‌గా ఉంటే పవర్‌ప్లే అయ్యాక ఏడో ఓవర్, తొమ్మిదో ఓవర్ నితీశ్‌వి అని రాసిపెట్టేయాలి. కొట్టించుకున్నా సరే, కనీసం మొదటి అయిదు మ్యాచ్‌లు. బ్యాటింగ్‌లో నాకు భయం వేసేది వేలంలో 13 కోట్లకి వచ్చిన లివింగ్‌స్టన్ గురించి. అతనూ మధ్యలోనే ఆడతాడు, అతనూ రెండు రకాల స్పిన్ వేస్తాడు. ఇద్దరినీ నాలుగు నుంచి ఏడు దాకా అటూ ఇటూ తిప్పుతారేమో అని నా అనుమానం. అలా తిప్పితే మళ్ళీ 182 పరుగులే. తిప్పాలనుకుంటే లివింగ్‌స్టన్‌ని తిప్పండి, ముప్పై దాటిన మనిషి, ప్రపంచమంతా లీగులు ఆడాడు, ఎక్కడ దింపినా తన ఆట తనకి తెలుసు. నితీశ్ పుట్టింది 2003 మే 26న. నాలుగో నంబరు ఇతనికి వదిలేయండి, 20కి 2 ఉన్నా, 120కి 2 ఉన్నా సరే.

ఇదంతా కోచ్‌లకి తెలియని విషయం కాదు. తెలిసి కూడా మూడు మ్యాచ్‌లు ఓడగానే మార్చేస్తారు, ఎందుకంటే వాళ్ళ ఉద్యోగాలూ అంతే కదా. ఉప్పల్‌లో మొదటి హోమ్ మ్యాచ్‌కి టికెట్ దొరికితే లక్డీకాపూల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, స్టేడియం స్టేషన్‌లో దిగుతా. టాస్ తర్వాత జట్టు పేర్లు స్క్రీన్ మీద వేస్తారు చూడండి, అప్పుడు నేను చూసేది రెండే. ఇతని పేరు ఎన్నో వరసలో ఉంది, ఏడో ఓవర్‌కి బంతి ఎవరి చేతిలో ఉంది.