తక్‌పట్టీలో లేని పేరు

ఏళ్లతరబడి మిర్చి కోసి, పత్తి తీసిన భార్య విడాకుల రోజున ఖాళీ చేతులతో నిలబడుతోందంటే లోపం చట్టంలో కన్నా కాగితంలోనే ఎక్కువ. పాసుపుస్తకం, గుంటూరు మార్కెట్ యార్డులో పంట అమ్మకానికి ఇచ్చే రసీదైన తక్‌పట్టీ తరచూ భర్త పేరునే ఉంటాయి. జీతం రసీదు లేని సేద్యంలో ఆదాయం దాచడం తేలిక. అందుకే 2020లో రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపాలనీ, భరణాన్ని దరఖాస్తు తేదీ నుంచే ఇవ్వాలనీ చెప్పింది.

కోర్టు కంటే పెద్దమనుషులే నయమనే మాటలో బలముంది. వాయిదాల ఖర్చు, నలుగురిలో నలిగే మనసు, బిక్కుబిక్కుమనే పిల్లలు, ఇవేవీ చిన్న బాధలు కావు. అయినా రాతలో లేని రాజీ మరుసటి పంటదాకా నిలుస్తుందన్న భరోసా ఏది? వకీలు ఖర్చుకు భయపడనక్కర్లేదు: 1987 చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళా ఉచిత న్యాయసహాయానికి అర్హురాలే. ఇక పసుపుకుంకుమ కింద పుట్టింటివారు ఆమె పేర రిజిస్టరు చేసిన పొలం పూర్తిగా ఆమె సొత్తు. దాన్ని రాజీ బేరంలోకి లాగే అధికారం ఏ పెద్దమనిషికీ లేదు.