సైకిలు అద్దె యిచ్చిన కోచ్

మా స్టేషన్ ఘన్‌పూర్‌లో సాయంకాలమున బంతి పట్టుకొని మైదానమునకు పోయే పిల్లలను పెద్దలు మందలించుట మేము తరచు వింటున్నాము. "ఆటలు కూడు పెడతాయా?" అంటారు. పేదయింటిలో ఆ ప్రశ్నకు బరువున్నది, కాదనలేము. అయితే అటువంటి యింటి పిల్లవాడొకడు కంటబడినప్పుడు ఒక బడిపంతులు ఏమి చేశారో ఈ నెల వ్రాయదలచాము.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. యౌవనములో ఫుట్‌బాల్ ఆడారు, ఉపాధ్యాయులైనారు, తరువాత కోచ్ అయినారు. ఆయన చేతిక్రింద హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. పంతులు గదా, పిల్లవాడు వెనుకబడిన పాఠమునే మరల చెప్పించేవారు. ఒక కాలితోనే బంతి తన్ననేర్చినవారికి, రెండవ కాలితో మాత్రమే తన్నవలసిన పోటీలు పెట్టేవారు.

సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడుండేవాడు. పోలీసులు వాడి పారవేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవానిచేత బూట్లు చేయించుకొని ఆడినవాడు. రహీం అతని ఆట చూచి నగరమునకు రమ్మన్నారు. అంత దూరము రోజూ వచ్చుటకు డబ్బు లేదన్నాడు బలరాం. సైకిలు అద్దెకు రహీం తానే డబ్బులిచ్చారు. 1956లో ఆ బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. మన జట్టు అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరినది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశమేదీ అంతకుముందు అంతదూరము పోలేదు.

అవమానములు లేకపోలేదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన ఏడాదికే, హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినారు. మనవారిలో ఎక్కువమంది ఆ చలిలో వట్టి కాళ్లతోనే ఆడారు. నవ్వవద్దు, అప్పటివరకు వారు నేర్చిన ఆట అది.

1962లో జకార్తా. రహీం అప్పటికే క్యాన్సరు వ్యాధిగ్రస్తులు. క్రీడలకు ఇజ్రాయేలును, తైవానును రానీయనందుకు భారత ప్రతినిధియైన సోంధీ అభ్యంతరము చెప్పగా, అక్కడి జనము మనవారిపై మండిపడుచుండిరి. ఫైనల్‌లో వేలకొలది గొంతులు మనకు విరోధముగా అరచినవి. వెనుక కాపు కాసే జర్నైల్ సింగ్‌కు అంతకుముందే తలకు గాయమై కుట్లు పడినవి. మరొకరైతే అతనిని కూర్చుండబెట్టేవారేమో. రహీం అతనిని ముందువరుసకు మార్చారు! సెమీఫైనల్‌లో గోలు చేశాడు, దక్షిణ కొరియాపై ఫైనల్‌లో కూడ చేశాడు. మరొక గోలు పి.కె. బెనర్జీది. 2-1తో స్వర్ణము మనదైనది. బలరాం ఆ జట్టులోనూ ఉన్నాడు.

మరుసటి సంవత్సరము జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు వచ్చిన పతకము 1970లోని కాంస్యమొక్కటే. దానికి నాయకుడు సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదువాడే, ఆయనా తరువాత కోచ్ అయినాడు.